ఇంటి నాణెములకు ఛాయాచిత్రములు

మన గృహములయందు పాలవాని లెక్క గోడమీద నుండును. చాకలిపద్దు చీటీమీద నుండును. ధాన్యపులెక్క పురుషుల పుస్తకములో నుండును. బీరువా యడుగున గుడ్డమూటలో దాగియున్న పాతనాణెములకు మాత్రము లెక్కయే యుండదు. చదువునకో, పెండ్లికో, రోగమునకో యక్కఱ వచ్చిన దినమున ఆ మూట బయటికి వచ్చును. వెండి తూకమునకు పోవును. కొన్ని యేండ్లకు పిల్ల లెవరైన "మన యింట పాతరూపాయలు ఉండెడివట, అవి యెట్లుండెడివి?" అని యడిగినచో, చెప్పుటకు మాటలు చాలవు, చూపుటకు వస్తువు లేదు.

ఈ లోటు తీర్చుకొనుటకై స్వల్పవ్యయముతో, ఇంటనున్న వస్తువులతోనే, నాణెములకు చక్కని ఛాయాచిత్రములు తీయు విధమును మేము కొంత యభ్యసించితిమి. అందు మేము చేసిన తప్పులను, నేర్చిన మెలకువలను తోడి గృహిణులకు నివేదించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మూట విప్పిన దినము

గడచిన వేసవిలో మా యత్తగారు తమ మూటను బిడ్డలకు పంచిపెట్టదలచిరి. అందు నలువదియొక్క నాణెము లుండెను. మా వదినగారు నరసరావుపేటలో నున్నారు. చిన్నయాడుబిడ్డ భర్తతో అమెరికాలో నున్నది. మేము వెల్దుర్తిలో అత్తగారి యొద్దనే యున్నాము. నాణెములలో హెచ్చుభాగము చిల్లర: నడుమ రంధ్రముగల కానులు, అణాలు, బేడలు, పావలాలు, 1957 వ సంవత్సరమున దశాంశపద్ధతి వచ్చిన పిమ్మట చెలామణియైన నయాపైసలు. వీనికై యెవరును వాదులాడలేదు. మాటలన్నియు ఒక్క వెండిరూపాయి చుట్టును తిరిగెను. దాని బొమ్మవైపున విక్టోరియారాణి ముఖమును, బొరుసువైపున 1862 అను సంవత్సరమును గలవు. పైయంచున చిన్న వెండికొక్కెము అతికింపబడియున్నది. మా యత్తగారి తల్లిగారు బాల్యమున దానిని నల్లపోగున గ్రుచ్చి మెడలో ధరించెడివారట. మువ్వురికిని అదియే కావలసెను.

చిన్నయాడుబిడ్డ టెలిఫోనులో "వదినా! నాకు మఱేమియు వద్దు. అమ్మమ్మ రూపాయి యొక్కటి పంపుము" అని కోరినది. మా యింటివారు చట్టము విచారించి చెప్పిరి. 1972 వ సంవత్సరపు పురావస్తువుల చట్టము ననుసరించి నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువే యగును. దానిని ఇంటివారు తమంతట తాము దేశము దాటించుట నేరము. చీరలమడతలలో దాచి పంపవచ్చునని సలహా చెప్పినవారు లేకపోలేదు. మా యత్తగారు సమ్మతింపలేదు. "మా యమ్మ మెడలోని వస్తువును దొంగసొత్తువలె పంపుదునా?" అనిరి.

వస్తువు పోలేకున్నను దాని రూపము పోవచ్చును గదా యను నాలోచన అప్పుడు మాకు కలిగినది. నాణెమును పంచినచో ఒక్కరికే దక్కును. చిత్రమును పంచినచో మువ్వురికిని పూర్తిగా దక్కును. సెల్‌ఫోను చేతబట్టి వెంటనే నాలుగుచిత్రములు తీసితిమి. అందు రాణిగారి ముఖమునకు మాఱు తెల్లని మచ్చయు, మా చేతినీడయు కనబడెను! కన్ను చూచిన దానిని కెమెరా యేల చూడలేదో తెలిసికొనుటకు మాకు పదునైదు దినములు పట్టినది.

తోముట కూడదు

మొదట మా తప్పును చెప్పుకొందుము. మూటలోని నల్లబడిన పావలా నొకదానిని చిత్రమునకు సిద్ధము చేయుదమని చింతపండుతోను బూడిదతోను తోమితిమి. పండుగనాటి యిత్తడిచెంబువలె మెఱసినది. కాని జార్జిరాజు తలవెండ్రుకల సన్నగీతలు మఱి కనబడలేదు. వాని స్థానమున మా బూడిద గీసిన గీతలు కనబడెను.

వెండిపైనున్న నలుపు ఒట్టి మురికి కాదు. గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలియుటచే నేర్పడిన పలుచని పొర యది. బూడిద వెండినే గీయును. చిత్రము తీయువారికి ఆ నలుపు మేలుచేయును గాని కీడు చేయదు. పల్లములలో నిలిచి ఎత్తులను వేఱుచేసి చూపును. కావున తోమరాదు, రుద్దరాదు, నిమ్మకాయ తాకింపరాదు. పొడిచేతులతో అంచులు మాత్రమే పట్టుకొనవలయును. చేయిజాఱినను దెబ్బతగులకుండ క్రింద మడతపెట్టిన గుడ్డ పఱచుకొనవలయును.

కావలసిన సామగ్రి

ఇంటనున్న సెల్‌ఫోను, ఒకే యెత్తున పేర్చిన పుస్తకములు, చిన్న ముఖపుటద్దము, నల్లకాగితము, తెల్ల అట్టముక్క, ట్రేసింగు కాగితము, పిల్లల రబ్బరుముక్క, పాత పటమునుండి తీసిన గాజుపలక — ఇంతే. క్రొత్తగా కొన్నవానికి మాకు నూఱురూపాయలలోపుగనే యైనది.

పల్నాటి యిండ్లలో నాపబండ పఱచిన వసారాకు కొదువ లేదు. ఆ బండ కదలదు, ఊగదు. దానిమీద పుస్తకములను జానెడెత్తు పేర్చి, పైన ఫోనును వెల్లకిల పెట్టి, కెమెరాయున్న కొన మాత్రము వెలుపలికి చాచునట్లు అమర్చితిమి. ఫోనులో సగమునకు మించిన భాగము పుస్తకములపై నుండినచో పడిపోదు. అడుగున బరువైన పుస్తక ముండవలయును. మా యింట శబ్దరత్నాకరము ఆ పని చేసినది.

ఫోనును నాణెమునకు మిక్కిలి చేరువగా తెచ్చుట మేము చేసిన రెండవ తప్పు. చేరువైనకొలది ఫోనునీడయే వెలుగును కప్పివేయును, చిత్రము మసకబాఱును. జానెడు దూరముననే యుంచి, రెండింతలు పెద్దదిగా చూపు నేర్పాటును వాడి, తరువాత చుట్టునున్న భాగమును కత్తిరించుట మేలు.

నాణెము గుండ్రముగా గాక గ్రుడ్డువలె కనబడినచో కెమెరా ఏటవాలుగ నున్నదని తెలియవలయును. దీనిని సరిచేయుటకు ముఖపుటద్దము చాలును. నాణెము పెట్టుచోట అద్దమును పఱుండబెట్టి ఫోనులో చూడుడు. కెమెరా యొక్క ప్రతిబింబము చిత్రమునకు సరిగా నడుమ కనబడినచో ఫోనును అద్దమును సమానముగ నున్నవి. ప్రక్కకు జరిగి కనబడినచో ఫోను క్రింద కాగితపుమడత యొకటి దూర్చి సవరింపవలయును. పిమ్మట అద్దము తీసి ఆ స్థానముననే నాణెము నుంచవలయును.

నల్లకాగితముమీద రబ్బరుముక్కను, దానిమీద నాణెమును పెట్టినచో నాణెము కొంచెము పైకి లేచి నిలుచును. కాగితముపై ధూళియు ముడుతలును చిత్రమున కానరావు. చేతితో నొక్కునపుడు ఫోను కదలును గనుక, నొక్కిన రెండుసెకనులకు చిత్రము తీయు నేర్పాటును వాడుకొనవలయును.

వెలుగే ప్రాణము

ఖరీదైన యంత్రములు లేకున్నను చిత్రము కుదురును. వెలుతురు కుదరనిచో ఎంతటి యంత్రమైనను వ్యర్థమే. ఫోనుకుగల మెఱుపుదీపమును ముందుగా ఆర్పివేయవలయును. అది యెదురుగా కొట్టి వెండిని తెల్లమచ్చగా మార్చును. మా సీమ యెండ తీక్ష్ణము. ఎండలో నేరుగా పెట్టినను అదియే గతి. ఉదయమున నీడగానున్న కిటికీచెంత, కిటికీకి ట్రేసింగు కాగితము గాని పలుచని తెల్లపంచె గాని కట్టి, ఆ మెత్తని వెలుగులో పనిచేయవలయును. గదిలోని విద్యుద్దీపము నార్పవలయును. పగటివెలుగును దీపపువెలుగును కలసినచో నాణెమున కొకప్రక్క నీలిచాయయు నొకప్రక్క పసుపుచాయయు వచ్చి, వెండి వెండివలె నుండదు.

వెలుగు వచ్చు దిక్కును గమనింపుడు. చిత్రమును చూచునపుడు వెలుగు పైనుండి, ఎడమవైపుగా, పడినట్లుండవలయును. మన కన్ను ఆకాశమునుండి పడు వెలుగునకు అలవాటుపడినది. క్రిందినుండి వెలుగు పడిన చిత్రమును చూచినచో, ఉబ్బెత్తుగానున్న ముఖము గుంటపడినట్లు తోచును. మా తొలిచిత్రములలో నొకటి యట్లే యుండి, మా పిల్లవాడు "రాణిగారు బురదలో కూరుకొన్నారు" అని నవ్వినాడు. నాణెమును త్రిప్పి వెలుగును మార్చుటతో రాణిగారు మరల లేచిరి. వెలుగు పడని ప్రక్క చీకటిగా నున్నచో అచ్చట తెల్ల అట్టను నిలిపినచో కొంత వెలుగును తిరిగి పంపును.

ఇక నాణెపు గుణమును బట్టి రెండుపాయములు కలవు. అరిగిపోయిన నాణెమునకు చేతిదీపమును దాదాపు బండకు తాకునంత పల్లముగా ప్రక్కనుండి చూపవలయును. చిన్నయెత్తుకును నీడపడి, చదువరాని యక్షరములు పైకి తేలును. నిగనిగలాడు నాణెమునకు ఇది పనికిరాదు. దానికి గాజుపలకను కెమెరాకును నాణెమునకును నడుమ నలువదియైదు డిగ్రీల యేటవాలుగా నిలిపి, ప్రక్కనుండి గాజుమీదికి వెలుగును పంపవలయును. గాజు ఆ వెలుగులో కొంతభాగమును నాణెముపైకి నిలువునా దింపును. కెమెరా గాజుగుండనే చూచును. నునుపైన భాగములు వెలుగుచు, చెక్కడపు పనితనము ముదురుగా తెలియును.

తుదకొకటి. నల్లని కాగితము చుట్టునుండుటచే ఫోను చీకటిగా నున్నదని భ్రమపడి వెండిని మితిమీఱి వెలిగించును. తెఱమీద నాణెముపై వ్రేలునుంచి వెలుగును కొంచెము తగ్గించినచో గీతలు తేటపడును.

ఏమేమి చిత్రింపవలయును

ప్రతి నాణెమునకు బొమ్మయు బొరుసును వేఱువేఱుగా, ఒకే వెలుగులో తీయవలయును. మూడవచిత్రమున ప్రక్కన పిల్లల కొలతబద్దను మిల్లిమీటర్లు కనబడునట్లు పెట్టవలయును. ఆనాటి వెండిరూపాయి యడ్డుకొలత దాదాపు ముప్పదిన్నర మిల్లిమీటర్లు. తూకము 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు, సరిగా ఒక తులము.

సూక్ష్మములను వదలరాదు. 1862 అని ముద్రగల రూపాయలన్నియు ఆ యేటివి కావు. అదే సంవత్సరమును వేయుచు 1874 వఱకును ముద్రించుచు వచ్చిరి. బొరుసుమీది చిన్నచుక్కల సంఖ్యను బట్టి నాణెశాస్త్రజ్ఞులు వానిని రకములుగా విభజింతురు. ఆవగింజంత చుక్క చిత్రమున మాసిపోయినచో ఆ తెలివి పోయినట్లే. 1877 నుండి వచ్చిన నాణెములపై రాణికి మాఱుగా చక్రవర్తిని యను బిరుదు కనబడును. 1911 వ సంవత్సరపు అయిదవ జార్జి రూపాయిపై రాజుగారి యుడుపుమీది చిన్నయేనుగు పందివలె నున్నదని జనులు అలజడిపడగా, మఱుసటియేట ఆ బొమ్మను సవరించిరి. అంత చిన్న గీత అంత పెద్ద మాటకు కారణమైనది!

మా వదినగారివంటి వారు ఫోను వద్దందురు. వారికి పెన్సిలు చాలును. పలుచని కాగితమును నాణెముపై నుంచి మెల్లగా పెన్సిలుపొడి రుద్దినచో రూపము దిగును. దీనికొక గుణము కలదు: కొలత నాణెమునకు సరిసమానముగ నుండును. ఒత్తి రుద్దరాదు.

పూర్వులు పడిన పాట్లు

నాణెమును చెంత నుంచుకొనలేనివారు దాని రూపమునకై శ్రమపడుట క్రొత్త కాదు. 1845 లో అమరావతి స్తూపమును త్రవ్వించిన సర్ వాల్టర్ ఇలియట్ దొర దక్షిణదేశపు నాణెములను చిరకాలము సేకరించి 1886 లో వానిపై గ్రంథము వెలువరించెను. మన శాతవాహనుల నాణెములపై రాప్సను పండితుడు కూర్చిన పట్టిక 1908 లో బ్రిటిషు మ్యూజియమువారి పక్షమున వెలువడినది. ఆ కాలపు పండితులు లోహపు మెఱుపునకు వెఱచి, నాణెములకు ముందుగా తెల్లని సుద్ద అచ్చులు పోసి, ఆ యచ్చులకు ఛాయాచిత్రములు తీయుట వాడుక. నేడు మనము ట్రేసింగు కాగితముతో అణచుచున్న మెఱుపే వారిని అంత బాధించినది.

మా సీమనే చూడుడు. మాచర్లకావల కృష్ణలోయలో, విజయపురి రాజధానిగా, క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకులు ఏలిరి. వారి సీసపునాణెములు నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకినవి. రోమునుండి వచ్చిన బంగారునాణెములును అచ్చట దొరకినవి. ఆ శిథిలములు 1926 లో లోకమునకు తెలిసినవి. సాగరపు ఆనకట్టచే లోయ మునుగనున్నదని 1954 మొదలు 1960 వఱకు విస్తారముగ త్రవ్వి, దొరకినవానిని భద్రపఱచిరి. కొండ నేడు ద్వీపమైనది. దానిపై 1966 లో మ్యూజియము వెలసినది. మునిగిన వీథులను చూడగోరువారికి నాడు తీసిన చిత్రములే నేడు దిక్కు. వస్తువు చేజాఱకముందే దాని రూపమును పట్టుకొనవలయునని యీ లోయకంటె మనకు చెప్పగల గురువెవ్వరు?

రెండు హెచ్చరికలు

చిత్రములు బాగుగా వచ్చినవని వానిని ఊరంతటికిని పంచరాదు. పాతనాణెమునకు లక్షలిత్తుమని నమ్మించి, ముందుగా రుసుము కట్టుడని ధనము గుంజు మోసగాండ్రు కలరు. రిజర్వు బ్యాంకు పేరును సైతము వాడుకొనుచున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకువారే ప్రకటనచేసి హెచ్చరించిరి. ఇంటిలోనివారికి మాత్రమే చిత్రములు పంపుట క్షేమము.

రెండవది. మూటలోని నాణెము వేఱు, చేనిలో దొరకిన నాణెము వేఱు. పునాది త్రవ్వునపుడో, నాగటిచాలులోనో పాతర బయల్పడినచో, 1878 వ సంవత్సరపు నిధుల చట్టము ననుసరించి, పదిరూపాయల విలువ మీఱినదానిని కలెక్టరుకు తెలుపవలయును. కదల్పకముందు ఉన్నచోటనే యొక చిత్రము తీసినచో, ఎంతలోతున, ఏ కుండలో, ఏ వరుసను ఉన్నదో శాస్త్రజ్ఞులకు తెలియును. కంసాలి మూసలో పడిన పిమ్మట అది వట్టి లోహమే.

పంపకము

నలువదియొక్క నాణెములకు చిత్రములు తీయుటకు మాకు నాలుగుదయములు పట్టినవి. మా యత్తగారు ప్రక్కన కూర్చుండి ఏది యెచ్చటినుండి వచ్చినదో చెప్పుచుండగా మేము వ్రాసికొంటిమి. చిత్రములను రెండుచోట్ల దాచి, కాగితముపై అచ్చు తీయించి, వెనుక పెన్సిలుతో ఆ మాటలను వ్రాసితిమి. ఫోను చెడవచ్చును, కాగితము నిలుచును. నాణెములను జిగురువాసనగల ప్లాస్టికు సంచులలో గాక పొడికాగితపు కవరులలో నుంచితిమి. ఆ సంచులలో కొన్ని కాలక్రమమున లోహముపై పచ్చని బంకను విడుచును.

రూపాయి పెద్దబిడ్డయైన వదినగారికి దక్కినది. చిత్రము అమెరికాకు పోయినది. ఆ రాత్రియే చిన్నయాడుబిడ్డ మాటలాడినది. "వదినా! కొక్కెము ప్రక్కన చిన్న నొక్కు కనబడుచున్నది. చిన్ననాడు ఆ రూపాయిని గడపకువేసి కొట్టినది నేనే. అమ్మతో చెప్పలేదు" అనినది. ముప్పదియేండ్లుగా ఆ నింద మా యింటివారిపై నుండెను! అత్తగారు విని, చిత్రమును మరల తెప్పించుకొని, ఆ నొక్కును చాలసేపు చూచిరి. పిదప ఏమియు ననక కొంగుతో కన్నులు తుడుచుకొనిరి.

తోమియుండినచో ఆ నొక్కు తేటగా మిగిలెడిదో లేదో! శకుంతల యుంగరమునకు రాజుగారి పేరుండుటచే గుఱుతు నిలిచినది. మన నాణెములకు రాజుల పేర్లున్నవి గాని మన తల్లుల పేర్లు లేవు. వానిని వ్రాసి నిలుపవలసినవారము మనమే. కావున సోదరీమణులారా! మీ యింటి పెద్దముత్తైదువలు చెప్పగలిగి, మీరు వినగలిగియున్నపుడే, ఒక యుదయమున ఆ మూట విప్పుడు. కిటికీకి తెల్లగుడ్డ కట్టుడు.